హోపీ ఊళ్లలో వాన క్రతువులు: బయటివారిని ఎందుకు రానివ్వరు?

చాండ్లర్_శేషు
ఆగస్టులో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. గ్రాండ్ కాన్యన్ చూపించి, తిరుగు దారిలో, ఇక్కడి ఆరిజోనాలోనే ఉండే హోపీ అనే ఆదివాసీ తెగ ఊళ్ల మీదుగా వద్దామని బయలుదేరాం. పాములను నోట కరచుకుని వాన కోసం నాట్యం చేస్తారని ఎప్పుడో చదివిన గుర్తు. నాన్నకు అది చూడాలని మహా సరదా. సెకండ్ మెసా అనే బల్లపరుపు కొండ మీద ఒక ఊరి మలుపులో అట్ట మీద చేత్తో రాసిన బోర్డు పెట్టి ఉంది: ‘ఈ రోజు బయటివారికి ప్రవేశం లేదు’. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయనను అడిగితే నవ్వి, చెయ్యి రోడ్డు వైపు చూపించాడు. నా చేతిలో ఫోను చూసి ఫోటోలు కూడా వద్దన్నాడు. అంతే.

నా బాధ ఒకటే. వాన అందరిదీ కదా. మా ఊళ్లో వాన కోసం భజన పెడితే దారిన పోయేవాడు కూడా కాసేపు కూర్చుని పానకం తాగి మరీ వెళ్తాడు. వీళ్లకు ఇంత దాపరికం ఎందుకు? తెలిసినవారు చెప్పండి. కోపంగా అడగడం లేదు. సరే, కొంచెం కోపంగానే అడుగుతున్నాను.

నిడదవోలు_నాని
దాపరికం సంగతి తరవాత. ముందు ఇది చెప్పండి, నోట కరచుకునేది గిలక పామునా, మామూలు పామునా?

పాతకాగితాలు
రెండూ ఉంటాయి నాని గారూ. సర్ప సంఘం వారు వరసగా నాలుగు రోజులు, రోజుకొక దిక్కుకు వెళ్లి ఏవి దొరికితే అవి పట్టి తెస్తారు. నేలలోకి తవ్వి కట్టిన కీవా అనే గదిలో ఉంచి, చివరి రోజున వాటికి స్నానం చేయిస్తారు. సాయంత్రం ఊరి నడిమి బయలులో నాట్యం. ఒకరు పామును నోట పట్టుకుంటే వెనక ఇంకొకరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఈకల కట్టతో పాము దృష్టి మళ్లిస్తూ నడుస్తారు. అన్నీ అయ్యాక నేల మీద మొక్కజొన్న పిండితో గీసిన వలయంలో పాములన్నిటినీ వేస్తారు. కుర్రవాళ్లు చేతులనిండా పట్టుకుని కొండ దిగి పరుగెత్తి నాలుగు దిక్కులా వదిలేసి వస్తారు. ఊరి మొర మోసుకుపోయే దూతలన్నమాట.

ఇది ఏటా ఉండదు. ఏ ఊళ్లోనైనా ఏడాది విడిచి ఏడాది. మధ్య ఏడాది వేణువులు ఊదే వేణు సంఘం వారి వంతు, వాళ్ల క్రతువు నీటి ఊటల దగ్గర మొదలవుతుంది. కాబట్టి శేషు గారూ, బోర్డు లేకపోయినా ఆ రోజు అక్కడ పాముల నాట్యమే జరుగుతుందన్న హామీ ఏమీ లేదు.

నిడదవోలు_నాని
కోరలు పీకేస్తారేమో?

పాతకాగితాలు
చూసినవారు రెండు విధాలుగానూ రాశారు. నన్ను మధ్యవర్తిగా పెట్టకండి.

తర్కవాది_వేణు
అసలు సంగతి ఎవరూ అడగరేం? ఆరిజోనాకు వానాకాలమే జులై, ఆగస్టు. సరిగ్గా ఆగస్టులో నాట్యం చేసి ‘వాన తెప్పించాం’ అంటే ఎలా? మే నెలలో ఆడి చూపించమనండి, నేనూ వచ్చి దణ్ణం పెడతాను. మన దగ్గర విరాటపర్వం చదివించడం కూడా ఇదే పద్ధతి. ఆషాఢం దాటే లోపు ఎలాగూ చినుకు పడుతుంది, పేరు పురాణానికి పోతుంది.

వాతావరణం_వాసు
వేణు గారూ, లెక్క సగమే వేశారు. ఆ మెసాల మీద ఏడాది మొత్తానికి 200 నుంచి 250 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అనంతపురానికి సుమారు 550. అంటే మనం కరవు జిల్లా అనేదానిలో సగం కూడా లేదు. పైగా ఆ వేసవి వాన ఊరంతటికీ కలిపి పడేది కాదు. మధ్యాహ్నానికి ఒక మబ్బు లేస్తుంది, నాలుగైదు కిలోమీటర్ల వెడల్పున కుమ్మరిస్తుంది, పోతుంది. అన్న పొలం తడుస్తుంది, తమ్ముడి పొలంలో దుమ్ము లేస్తుంది. కాలం తెలిసినంత మాత్రాన వాన ఖాయం కాదు. 2020లో ఆరిజోనాకు వానాకాలం దాదాపు రానే లేదు.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
ఆ మరుసటి ఏడాదే మా వీధిలో బురద వరద పారింది. ఒకే చోట, ఒక్క ఏడాది తేడాలో. వాసు గారు చెప్పింది నిజం.

తర్కవాది_వేణు
పడుతుందో లేదో తెలియదు కాబట్టి నాట్యం చేస్తారంటారా? అలాగైతే లాటరీ టికెట్టు కొని మొక్కుకునేవాడికీ వీళ్లకూ తేడా ఏమిటి?

మెట్టసేద్యం
లాటరీ కొనేవాడు మొక్కుకుని పడుకుంటాడు. హోపీ రైతు ఏప్రిల్ నుంచి ఒళ్లు హూనం చేసుకుంటాడు. తేడా అక్కడుంది.

నేను మెట్ట పంటల మీద పనిచేసేవాణ్ణి కనుక ఇది కాస్త వివరంగా చెబుతాను, ఓపిక లేనివారు దాటేయండి. వాళ్ల సేద్యంలో కాలువ లేదు, బోరు లేదు. చలికాలంలో పడిన మంచు కరిగి నేలలోకి ఇంకుతుంది. పైన పొడి ఇసుక కప్పులా ఉండి ఆ తేమను ఆరిపోనివ్వదు. రైతు కర్ర పట్టుకుని ఆ తడి తగిలే దాకా తవ్వుతాడు. జానెడు, ఒక్కోచోట మూరెడు దాకా. గుంటకు పది, పన్నెండు గింజలు వేస్తాడు. కొన్ని ఎలుకలకు, కొన్ని పురుగులకు, కొన్ని గాలికి పోగా మిగిలినవి గుబురుగా లేస్తాయి. గుంటకూ గుంటకూ మధ్య రెండు మూడు మీటర్ల ఎడం. మన మొక్కజొన్న చేనులా పచ్చటి గోడ కనిపించదు, ఇసుకలో అక్కడొక పొద, ఇక్కడొక పొద. మొక్క పెద్ద ఎత్తు కూడా పెరగదు.

మామూలు మొక్కజొన్నను మూరెడు లోతున వేస్తే వెలుగు చూడకుండానే చస్తుంది. వీళ్ల రకంలో గింజకూ మొదటి ఆకుకూ మధ్య ఉండే లేత కాడ చాలా పొడుగు సాగుతుంది. వేరు కూడా పక్కలకు పోకుండా ఒక్కటే నిటారుగా కిందికి దిగుతుంది. 1914లోనే కాలిన్స్ అనే అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి ప్రచురించాడు. ఆ గుణం దానంతట అది రాలేదు. తరతరాలుగా ఎండకు నిలిచిన కంకులనే ఎంచి విత్తనానికి దాచుకున్నారు. కాబట్టి ‘వాన కోసం నాట్యం చేసి చేతులు కట్టుకు కూర్చుంటారు’ అన్న చిత్రం ఉంటే చెరిపేయండి. అదనూ పదునూ వాళ్లకు తెలిసినంతగా నాకు తెలిసిన ఏ రైతుకూ తెలియవు.

గోదారి_గట్టు
నీలం మొక్కజొన్న వీళ్లదేనా? దాంతో చేసే పికీ రొట్టె ఫోటో చూసి మా అత్తయ్య ‘ఇవి మన పూతరేకులు, ఎవరు ఎత్తుకుపోయారు’ అంది.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
వాళ్లవే. చేసే తీరు చూస్తే మీ అత్తయ్య ఇంకా గొడవ పెట్టుకుంటారు. పలచటి పిండిజావ. నునుపు చేసిన రాయి కింద మంట. బొగ్గులా కాలుతున్న రాతి మీద ఉత్త చేత్తో పిండి పూస్తారు. కాగితంలా లేచిన రేకును తీసి చుట్ట చుడతారు. నీలం రంగు పోకుండా జావలో బూడిద నీళ్లు కలుపుతారు. పంచదార, నెయ్యి మాత్రం ఉండవు. నోట్లో పెట్టుకుంటే కరకరమని, తరవాత ఏమీ లేనట్టు కరిగిపోతుంది.

గోదారి_గట్టు
నెయ్యి లేదా? అయితే కేసు కొట్టేశాం.

చాండ్లర్_శేషు
పంటా, రొట్టే బాగున్నాయి, కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఫోటో తీస్తే మబ్బు పారిపోతుందా?

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
శేషు గారూ, నేను పనిచేసే చోట ఒక హోపీ ఆవిడ ఉన్నారు. ఒక వేసవిలో వాళ్ల ఊరికి తనే తీసుకెళ్లారు, అందుకని ఒక బయలు నాట్యం చూడగలిగాను. ఏ ఊరో చెప్పను, పేర్లూ చెప్పను.

ముందు వచ్చేది ఎవరో తెలియాలి. వాన తెచ్చే ఆత్మలు, కత్సీనాలు అంటారు. మా ఊరి పక్కన కనిపించే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు వాళ్ల నివాసం. మకర సంక్రమణానికి కాస్త ముందు, డిసెంబరులో పగలు అతి చిన్నదయ్యే రోజుల్లో, సోయల్ అనే క్రతువుతో వాళ్ల రాక మొదలు. ఫిబ్రవరిలో పొవాముయ. అప్పుడు బయట మంచు పడుతుంటే కీవాల్లో రాత్రింబవళ్లు మంట వేసి చిక్కుడు గింజలు మొలకెత్తిస్తారు. ఆ మొలకల ఎదుగుదల చూసి ఏడాది పంట అంచనా వేసుకుంటారు. జులైలో నిమాన్. ఆ రోజుకు అందాలని తీపి మొక్కజొన్న కొంచెం ముందే విత్తుతారు. మొదటి పచ్చి కంకులు వేళ్లతో సహా పెరికి తెచ్చి పిల్లలకు పంచుతారు. తరవాత కత్సీనాలు శిఖరాలకు తిరిగి వెళ్లిపోతారు.

ఆ ఆవిడ అమ్మగారు పోయినప్పుడు ముఖం మీద తెల్లటి దూది పరిచారట. మేఘం. పోయినవారు మబ్బై తిరిగి వస్తారని, వానై పిల్లల పొలం మీద దిగుతారని వాళ్ల నమ్మకం. మధ్యాహ్నం శిఖరాల మీద మబ్బు లేస్తే ఆవిడ పని ఆపి ఒక్క నిమిషం అటు చూస్తారు. మీరు ‘ప్రదర్శన’ అనుకుంటున్నచోట వాళ్లింటి పెద్దలు వచ్చి ఉన్నారు. ఫోను అందుకే వద్దన్నారు.

చాండ్లర్_శేషు
ఇలా చెబితే అర్థమవుతుంది. ఆ పెద్దాయన కూడా ఇంత మాట చెప్పి ఉంటే మేం మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాళ్లం.

నిడదవోలు_నాని
కారు కిటికీలోంచి అడిగినవాడికి ఇంత కథ చెబుతారా మాస్టారూ, ఎండలో కూర్చుని.

తర్కవాది_వేణు
నమ్మకాన్ని గౌరవిస్తాను. కానీ గోప్యత అన్నది మతం చేతిలో ఎప్పుడూ ఆయుధమే. ‘చూడొద్దు’ అన్నచోట ప్రశ్నించడానికి వీలుండదు. ఒకప్పుడు అందరినీ రానిచ్చి ఇప్పుడు తలుపు మూశారంటే అది నమ్మకం కాదు, విధానం.

పాతకాగితాలు
అవును, విధానమే. ఆ విధానం ఎందుకు వచ్చిందో చూడండి మరి.

1883 నుంచి అమెరికా ప్రభుత్వం ఆదివాసీ నాట్యాలను నేరాల జాబితాలో పెట్టింది. పిల్లలను బడికి పంపమని, ప్రభుత్వం గీసిన హద్దుల్లో సేద్యం చేయమని మొండికేసిన 19 మంది హోపీ పురుషులను 1895లో తీసుకెళ్లి అల్కట్రాజ్ దీవిలో బంధించారు. అవును, సినిమాల్లో చూసే ఆ అల్కట్రాజే. జనవరి నుంచి ఆగస్టు దాకా. అంటే పంట కాలమంతా. ఊళ్లో గింజ వేయాల్సినవాళ్లు సముద్రం మధ్య జైల్లో ఉన్నారు.

అదే కాలంలో ఒరైబీ అనే హోపీ ఊళ్లో వోత్ అనే మెనోనైట్ క్రైస్తవ శాఖ మత ప్రచారకుడు వద్దన్నా వినకుండా కీవాల్లోకి దిగి, ఫోటోలు తీసి, వేదికల కొలతలు రాసుకున్నాడు. ఆ వేదికల నకళ్లు చికాగో మ్యూజియంలో కొలువుదీరాయి. తరవాత రైళ్లలో పర్యాటకులు దిగారు, ఇళ్ల కప్పులెక్కి కెమెరాలు పెట్టారు. 1921లో ప్రెస్కాట్ పట్నంలో కొందరు తెల్ల వ్యాపారులు ఒంటికి రంగు పూసుకుని, హోపీల పాముల నాట్యాన్ని అనుకరిస్తూ ఏటా టికెట్టు పెట్టి ఆడడం మొదలుపెట్టారు. అది ఆగింది 1990లో, హోపీలు నిరసనకు దిగాక. చివరికి 1992లో ఒక కామిక్ పుస్తకం కత్సీనాలను దుండగులుగా బొమ్మలు వేస్తే చాలా ఊళ్లు కత్సీనా నాట్యాలకు కూడా బయటివారిని రానివ్వడం మానేశాయి.

వేణు గారూ, ఇన్నేళ్లు తలుపు తీసి ఉంచడమే నాకు ఆశ్చర్యం.

గోదారి_గట్టు
ఆ వోత్ కట్టిన చర్చి ఇంకా ఉందా?

పాతకాగితాలు
గోడలున్నాయి. 1942లో పిడుగు పడి కాలిపోయింది.

గోదారి_గట్టు
వేణు గారూ, దీనికి మీ లెక్క చెప్పండి.

తర్కవాది_వేణు
కొండ అంచున ఎత్తుగా కట్టిన కట్టడం మీద పిడుగు పడుతుంది. అదే లెక్క.

నిడదవోలు_నాని
ఒప్పుకోరు గాక ఒప్పుకోరు.

రాగిసంకటి
ఈ చర్చ చదువుతుంటే ఒకటి తేలడం లేదు. నాట్యం చేశాక కూడా వాన పడకపోతే ఏమంటారు? దేవుడి మీద నెపం వేస్తారా?

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
వెయ్యరు. నెపం తమ మీదే వేసుకుంటారు. క్రతువులో ఉన్నవాళ్లు ఉపవాసం ఉండాలి, ఉప్పు మానాలి, కోపం పెట్టుకోకూడదు, ఇంట్లో తగువులుండకూడదు. కీవాలో పొగాకు గొట్టం ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతుంది. అందించేటప్పుడు అన్నా, తమ్ముడూ, మామా అని వరస పెట్టి పిలుచుకుంటారు. ఆ పొగే మబ్బు. లోపల ద్వేషం పెట్టుకుని ఆ వరస పిలిస్తే పొగ మబ్బుగా మారదని వాళ్ల భావం. వాన రాలేదంటే ఊళ్లో ఎవరి మనసో బాగాలేదని.

రాగిసంకటి
అయితే ఎండలు ముదిరితే ‘నీ వల్లే’ అని వేలు చూపించుకోవడం ఉండదా?

పాతకాగితాలు
ఉంటుంది, లేదని ఎవరన్నారు. ఊరి మీద ఊరికి, ఇంటి మీద ఇంటికి అనుమానాలు, చేతబడి మాటలు పాత రాతల నిండా ఉన్నాయి. లక్ష్మి గారి మాటల్లో అంతా మెత్తగా వినిపిస్తోంది కానీ హోపీలు దేవతలేమీ కారు. 1906 సెప్టెంబరు 8న ఒరైబీ రెండుగా చీలింది. ప్రభుత్వంతో సర్దుకుపోదాం అనేవాళ్లు ఒకవైపు, కుదరదు అనేవాళ్లు ఒకవైపు. నేల మీద గీత గీసి, రెండు పక్షాలూ ఒకరినొకరు తోసుకున్నారు. ఓడినవాళ్లు ఆ రోజే పిల్లాపాపలతో వెళ్లి హోటెవిల్లా అనే కొత్త ఊరు కట్టుకున్నారు. ఆ తేదీ బండ మీద చెక్కి ఉంది. బడుల గొడవే కారణమని పైకి కనిపిస్తుంది. ఒరైబీ వాగు కోసుకుపోయి వరద నీటితో పండే పొలాలు పోయాయనీ, తిండి చాలక తగువు ముదిరిందనీ చెప్పే చరిత్రకారులున్నారు. నాకు రెండోది కూడా నమ్మదగినదిగానే అనిపిస్తుంది. నీళ్లు తగ్గినచోట బంధుత్వాలు నిలవవు, మన కాలువల చివరి ఊళ్లు చూడండి.

మెట్టసేద్యం
కాలువ చివరి ఊళ్ల గురించి నన్ను కదపకండి, ఈ చర్చ ఇంకో పదిహేను పేజీలు పోతుంది.

వాతావరణం_వాసు
ఒరైబీ పేరు వచ్చింది కనుక ఒక మాట. 12వ శతాబ్దం నుంచి మనుషులు వదలకుండా ఉంటున్న ఊరు అది. ఆ ఇళ్ల కప్పుల్లోని పాత దూలాలను 1920ల చివర డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త పరిశీలించాడు. చెట్టు వలయం సన్నగా ఉంటే ఆ ఏడు కరవు, మందంగా ఉంటే మంచి వాన. అలా ఒకదానికొకటి అతికించుకుంటూ వెనక్కి పోతే 1276 నుంచి 1299 దాకా వరస కరవు తేలింది. ఉత్తరాన మేసా వర్దే లాంటి పెద్ద ఊళ్లు ఖాళీ అయిన కాలం అదే. అక్కడి నుంచి దక్షిణానికి కదిలిన జనంలో కొందరు హోపీల పూర్వీకులు. వానకు ఇంత విలువ ఎందుకిచ్చారో ఆ దూలాలే చెబుతాయి. వేణు గారికి కావలసిన కొలతలు కూడా అందులోనే ఉన్నాయి.

తర్కవాది_వేణు
ఇది బాగుంది. చెట్టు సాక్ష్యం ఎవరైనా ఒప్పుకోవాలి.

కానీ ఇప్పటి సంగతి అడుగుతాను. ఈ రోజు ఆ ఊళ్లలో సూపర్ మార్కెట్టు సరుకులు, ఉద్యోగాలు, ట్రక్కులు ఉన్నాయి. వాన పడకపోతే ఎవరూ పస్తుండరు. ఇంకా క్రతువెందుకు?

మెట్టసేద్యం
సరుకుల కొట్టు ఉంటే పొలం ఎందుకు అన్న ప్రశ్న నా జీతం మీద దెబ్బ.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
పెళ్లికి పిండి కావాలి. పేరు పెట్టడానికి కంకి కావాలి. పుట్టిన బిడ్డను ఇరవయ్యో రోజున తెల్లవారుజామున సూర్యుడికి చూపించేటప్పుడు కూడా మొక్కజొన్నే. కొట్టులో కొన్న పిండితో ఆ పని జరగదు. పొలం తల్లి వైపు వంశానిది, దున్ని పండించేది మగవాళ్లు, ఇంటికి చేరిన గింజ ఆడవాళ్ల సొత్తు. వాన పోతే తిండి ఒక్కటే పోదు వేణు గారూ, ఈ వరసలన్నీ తెగిపోతాయి.

రాగిసంకటి
మరి భూమి కింద నీళ్ల మాట? బ్లాక్ మెసా బొగ్గు గని గురించి ఎవరూ ఎత్తలేదు.

పాతకాగితాలు
ఎత్తితే నాకు రక్తపోటు. అయినా చెబుతాను. 1960ల్లో బొగ్గు తవ్వకానికి లీజులిచ్చారు. 1970 ప్రాంతం నుంచి ఆ బొగ్గును పొడి చేసి, నీళ్లలో కలిపి, నెవాడాలోని విద్యుత్ కేంద్రానికి 440 కిలోమీటర్ల గొట్టంలో పంపారు. ఎడారిలో, భూగర్భం నుంచి తోడిన తాగే నీళ్లతో! రోజుకు కోటి లీటర్లకు పైనే. 2005 చివరి దాకా సాగింది. ఊటలు సన్నగిల్లాయని హోపీ రైతులు, మా పంపుల వల్ల కాదని కంపెనీ. వేణు సంఘం క్రతువు ఊట దగ్గర మొదలవుతుందని పైన రాశాను. ఊట ఎండితే ఏ దగ్గర మొదలుపెట్టాలి?

వాతావరణం_వాసు
రెండో వైపు కూడా రాయండి. లీజు మీద సంతకం చేసింది హోపీ గిరిజన మండలే. తెగ బడ్జెట్టులో సింహభాగం ఏళ్ల తరబడి ఆ బొగ్గు డబ్బే. 2019లో మిగిలిన గని, దాని బొగ్గుతో నడిచే ఇంకో విద్యుత్ కేంద్రం మూతపడ్డాక ఉద్యోగాలకు, ఊళ్ల ఖర్చుకు కటకట వచ్చింది. అందరూ ఒక్క మాట మీద లేరు.

పాతకాగితాలు
సంతకం చేసిన మండలి ఎవరి మాట మీద ఏర్పడింది, పాత గ్రామ పెద్దలు దాన్ని ఎంతవరకు గుర్తించారు అన్నది వేరే పెద్ద కథ. కానీ మీరన్నది నిజమే, ఒక్క మాట మీద లేరు.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
మా ఊరి గొడవ కూడా చేర్చండి. ఆ శిఖరాల మీద మంచు జారుడు ఆటల కేంద్రం ఉంది. మంచు చాలని ఏడాది శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు చేయడానికి అనుమతి తెచ్చుకుంది. హోపీలు, నవాహోలు, ఇంకా కొన్ని తెగలు కోర్టుకెక్కాయి. 2007లో ముగ్గురు న్యాయమూర్తులు తెగల పక్షాన తీర్పిచ్చారు. 2008లో అదే కోర్టు పెద్ద ధర్మాసనం దాన్ని తిరగేసింది. 2009లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. 2012 చలికాలం నుంచి ఆ మంచు పడుతోంది.

ఆ తీర్పులో వాదన ఏమిటంటే, మిమ్మల్ని కొండ ఎక్కవద్దని ఎవరూ అనలేదు, క్రతువులు మానమని అనలేదు, మీ మనసు నొచ్చుకోవడం చట్టం లెక్కలోకి రాదు అని. మబ్బులు పుట్టే చోట మురుగునీరు చల్లడం మనసు నొచ్చుకునే సంగతట. మా ఆఫీసులో ఆవిడ ఈ విషయం ఎవరితోనూ మాట్లాడరు. చలికాలంలో కొండ వైపు కిటికీ తెర దించేస్తారు.

చాండ్లర్_శేషు
మేం ప్రతి జనవరిలో పిల్లలను అక్కడికే తీసుకెళ్తాం. సగం ఫీనిక్స్ తెలుగువాళ్లు అక్కడే కనిపిస్తారు.

నిడదవోలు_నాని
దేశం విడిచి పోయినా మనవాళ్లు మంచు కనిపిస్తే జారకుండా ఉండలేరు.

తర్కవాది_వేణు
ఈ విషయంలో నేను తెగల పక్షం. నమ్మకం నిజమా కాదా అన్నది కోర్టు తేల్చాల్సిన పని కాదు. ఎక్కడో ఒకచోట ఆట ఆడుకోవడానికి ఇంకొకరి కొండ మీద మురుగు చల్లాల్సిన అవసరం ఏముంది? కానీ వాన, నాట్యం మధ్య కార్యకారణ సంబంధం లేదన్న మాట మీద మాత్రం కదలను.

మెట్టసేద్యం
మిమ్మల్ని కదపమని ఎవరడిగారు?

పర్యవేక్షకుడు
ఇద్దరూ కాస్త నెమ్మది. పారిస్ వేలం గురించి వచ్చిన ప్రశ్నను వేరే శీర్షికకు మార్చాను, అక్కడ చూడండి.

పాతకాగితాలు
మార్చక ముందే నేను జవాబు రాసేశాను, ఇక్కడే పెడుతున్నాను, క్షమించాలి. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లో నాట్యంలో ధరించే కత్సీనా ముఖాలను 70 దాకా వేలం వేశారు. హోపీలు వాటిని వస్తువులుగా చూడరు, స్నేహితులు అంటారు. కోర్టు ఆపలేదు. అదే డిసెంబరులో ఇంకో వేలం జరిగితే ఒక అమెరికా ధర్మసంస్థ రహస్యంగా పాడి 24 కొని తిరిగి ఇచ్చేసింది, అందులో 21 హోపీలవి. ఇక మీరు మార్చుకోండి.

గోదారి_గట్టు
నిమాన్ రోజు ఆడపిల్లలకు ఇచ్చే బొమ్మలూ అవీ ఒకటేనా? మా తమ్ముడు సెడోనా నుంచి ఒకటి తెచ్చాడు.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
కాదు. ఆ బొమ్మలను కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చెక్కుతారు. వాగు పక్కన పెరిగే చెట్టు, నీటిని వెతుక్కుంటూ పోయే వేరు. బొమ్మలు అమ్మకానికి కూడా చేస్తారు, వాటితో బతికే మంచి శిల్పులున్నారు. దుకాణాల్లో చవకగా దొరికేవాటిలో చాలావరకు నకిలీలు. మీ తమ్ముడిది చేతిలోకి తీసుకుని చూడండి, వేరు చాలా తేలిగ్గా ఉంటుంది.

గోదారి_గట్టు
ఇటుక బరువుంది.

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
అయితే తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకోండి.

చాండ్లర్_శేషు
అమ్మానాన్నలు అక్టోబరు దాకా ఉంటారు. ఈసారి మర్యాదగా వెళ్లాలంటే ఎలా? అన్ని ఊళ్లూ మూసే ఉంటాయా?

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
ఉండవు. వాల్పీ అనే ఊరికి స్థానిక గైడు తోడుంటే వెళ్లొచ్చు, కొండ అంచున మూడు వైపులా లోయ, పెద్దవాళ్లకు మెట్లు చూసుకోండి. సెకండ్ మెసా మీద సాంస్కృతిక కేంద్రం, పక్కనే భోజనశాల, బస ఉన్నాయి. ఊళ్లోకి వెళ్లే ముందు ఆ ఊరి కార్యాలయానికి ఫోను చేసి ఈ రోజు రావచ్చా అని అడగండి. కెమెరా, రికార్డింగు, బొమ్మ గీయడం, ఏదీ వద్దు. అక్టోబరులో స్త్రీ సంఘాల క్రతువుల కాలం, బోర్డు కనిపిస్తే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

ఇంకో చిన్న చిక్కు. చుట్టూ ఉన్న నవాహో నేలలో వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, హోపీలు జరపరు. దారిలో మీ ఫోను గంట ముందుకూ వెనక్కూ గెంతుతుంది. చేతి గడియారాన్ని నమ్ముకోండి.

నిడదవోలు_నాని
నాన్నగారు మందులు వేసుకునేవారైతే మధ్యాహ్నం మాత్ర రెండుసార్లు పడుతుంది, జాగ్రత్త.

మెట్టసేద్యం
శేషు గారూ, వెళ్తే నాకోసం నాలుగు నీలం గింజలు...

ఫ్లాగ్‌స్టాఫ్_లక్ష్మి
అడగకండి. పిండి కొనండి, పికీ కొనండి. విత్తనం అడగడం మర్యాద కాదు, అది ఆ ఇంటి ఆడవాళ్ల సొత్తు.

మెట్టసేద్యం
సరే, సరే. ఆ మధ్య ఉత్సాహం ఆగక మన రకమే ఒకటి మా నల్లరేగడిలో జానెడు లోతున వేసి చూశాను.

తర్కవాది_వేణు
మొలిచిందా?

మెట్టసేద్యం
లేదు, కుళ్లింది.

తర్కవాది_వేణు
ఎందుకని?

మెట్టసేద్యం
వాన పడింది.